ఆ రెండో ఆయన గురించి

ఆల్ఫరెట్టా, జార్జియా

రఘూ,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ గుడిదాకా నడిచి వెళ్తోందని చదివాక మా ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది. మిగతా కబుర్లు ఫోనులో చెప్పుకుందాం. ఈ ఉత్తరం మాత్రం నీతో తగాదా పెట్టుకోవడానికే రాస్తున్నాను.

అట్లాంటా ర్యాప్ జంట అవుట్‌కాస్ట్‌లోని ఆండ్రే 3000 ఫ్లూటు ఆల్బమ్ ‘న్యూ బ్లూ సన్’ విని మురిసిపోయి నాలుగు పేజీలు రాశావు. సంతోషం. అంతటితో ఆగావా? చివర్లో తీరిగ్గా ఒక ముక్క వదిలావు: “అవుట్‌కాస్ట్ జంటలో అసలు కళాకారుడు ఇతనేరా, ఆ రెండో ఆయన ఉన్నా లేనట్టే” అని. చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ఆ రెండో ఆయనకు ఒక పేరుంది. ఆంట్వాన్ ప్యాటన్. జనం బిగ్ బాయ్ అంటారు. ఇరవై ఏళ్ళుగా లోకమంతా అతన్ని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడుతూనే ఉంది. నువ్వు కూడా ఆ జనంలో చేరతావని అనుకోలేదు.

పోయినసారి నువ్వు వచ్చినప్పుడు విమానాశ్రయం నుంచి తిన్నగా ఉత్తరానికి వచ్చేశాం, గుర్తుందా? అట్లాంటాలో మన తెలుగువాళ్ళందరి దారీ అదే. దిగేది నగరానికి దక్షిణాన, కాపురాలేమో ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్‌లలో. ఆ విమానాశ్రయాన్ని ఆనుకునే ఈస్ట్ పాయింట్ అనే ఊరుంది. మార్టా రైలెక్కితే విమానాశ్రయం తర్వాత రెండో స్టేషనే. అదే గోల్డ్ లైనులో కదలకుండా కూర్చుంటే ఊరి మధ్యగా వెళ్ళి లెనాక్స్ వస్తుంది, డబ్బున్నవాళ్ళ పెద్ద మాల్ ఉన్న చోటు. 16 ఏళ్ళ వయసులో ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ ప్యాటన్ పరిచయమైంది ఆ మాల్‌లో. చదివింది ఈస్ట్ పాయింట్‌లోని ట్రై సిటీస్ హైస్కూల్లో. వాళ్ళ కథలో మొదటి ముక్క మొత్తం ఆ ఒక్క రైలు దారి మీదే జరిగిపోయింది. మనవాళ్ళు ఇన్నేళ్ళుగా ఆ ఊరి పక్క నుంచే కార్లలో వచ్చిపోతుంటారు, ఒక్కడూ తల తిప్పి చూడడు.

ఆ ఈస్ట్ పాయింట్‌లో జుట్టు నూనెలూ సవరాలూ అమ్మే దుకాణం ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే కుర్రాడు రికో వేడ్. చేసేది దుకాణం పని, ధ్యాసంతా సంగీతం మీద. ఈ ఇద్దరూ అతని దగ్గరికి వెళ్ళి, కారు స్టీరియోలో ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ వాళ్ళ ‘సినారియో’ పాటను మాటల్లేని సంగీతంగా పెట్టించి, దాని మీద ఒకడు ఆపగానే ఇంకొకడు అందుకుంటూ ఆగకుండా ర్యాప్ చేశారు. రికో అక్కడికక్కడే వాళ్ళను వెంటబెట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళాడు. లేక్‌వుడ్ హైట్స్‌లో అది వాళ్ళ అమ్మగారి ఇల్లు. ఇంటి కింద నేలమాళిగ. గచ్చు చేయని నేల, కళ్ళెదుట జార్జియా ఎర్రమట్టి. అక్కడే పాత పరికరాలు పెట్టుకుని రికో, రే మర్రీ, స్లీపీ బ్రౌన్ ‘ఆర్గనైజ్డ్ నాయిజ్’ అనే పేరుతో పాటలు కట్టేవారు. కుర్రాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. ఆ చోటికి ‘డంజన్’ అని పేరు. అక్కడ పోగైన గుంపంతా ‘డంజన్ ఫ్యామిలీ’ అయింది.

ఈ ముగ్గురి పనితనంలో ఒక విశేషం ఉంది. అప్పట్లో న్యూయార్క్‌లో పాత రికార్డుల నుంచి ముక్కలు కోసి అతికి బీట్ చేసేవారు. వీళ్ళు ఎక్కువగా బేస్ గిటారు, ఆర్గన్ లాంటివి మనుషుల చేత వాయించేవారు. అందుకే వాళ్ళ మొదటి ఆల్బమ్ వింటే ఎండాకాలం సాయంత్రం కిటికీలు దించిన కారు మెల్లగా పోతున్నట్టు ఉంటుంది. ‘ప్లేయర్స్ బాల్’ అనే వాళ్ళ మొదటి పాట 1993లో లాఫేస్ కంపెనీ వేసిన క్రిస్మస్ ఆల్బమ్‌లో వచ్చింది. క్రిస్మస్ పాట రాయమంటే, మా వీధిలో క్రిస్మస్ కూడా మామూలు రోజేనని రాసిచ్చిన ఘనులు! 18 ఏళ్ళ పిల్లలు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆల్బమ్. దాని పేరు ‘సదర్న్‌ప్లేయలిస్టిక్‌కాడిలాక్‌మ్యూజిక్’. మూడుసార్లు పలికి చూడు, నాలుక వ్యాయామానికి పనికొస్తుంది.

అప్పటికి హిప్ హాప్ అంటే న్యూయార్క్, లేదంటే లాస్ ఏంజిలిస్. దక్షిణాది యాసతో ర్యాప్ చేస్తే నవ్వేవాళ్ళు. మన సినిమాల్లో ఒకప్పుడు తెలంగాణ యాస రౌడీకో, శ్రీకాకుళం యాస హాస్యగాడికో దక్కేది కదా, కథానాయకుడు మాత్రం పుస్తకంలా మాట్లాడేవాడు. ఇదీ అంతే. 1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో ‘సోర్స్’ అనే హిప్ హాప్ పత్రిక అవార్డుల సభ. తూర్పు తీరం, పడమటి తీరం వర్గాలు ఒకరినొకరు కొట్టుకునేంత వేడిలో ఉన్నాయి. ఉత్తమ కొత్త బృందంగా అవుట్‌కాస్ట్ పేరు చదవగానే సభ సభంతా ఈలలు, అరుపులు, గేలి. ఇద్దరూ వేదిక ఎక్కారు. ముందు మాట్లాడింది నీ ‘రెండో ఆయనే’. గేలి చేస్తున్న ఊరివాళ్ళతోనే మర్యాదగా మాట్లాడాడు. ఆ తర్వాత ఆండ్రే మైకు అందుకుని, మనుషులు మనసులు మూసుకుని కూర్చుంటున్నారని విసుక్కుని, “దక్షిణాదికీ చెప్పుకోవలసింది ఉంది, నేను చెప్పేది అంతే” అని దిగిపోయాడు. ఆ ఒక్క వాక్యం ఇప్పుడు అట్లాంటాలో శిలాశాసనం. మూడేళ్ళ తర్వాత ఆ సభ శబ్దాన్నే, గేలితో సహా, ‘అక్వెమిని’ ఆల్బమ్ చివర్లో అతికించి వదిలారు. కసి అంటే అదీ!

1996 నాటి ‘ఏటీలియన్స్’తో ఆండ్రే వేషం మారింది. తలపాగా చుట్టాడు, మద్యం మానేశాడు, మాంసం మానేశాడు. బిగ్ బాయ్ మాత్రం జెర్సీ, టోపీ, కాడిలాక్ కారు. లోకానికి ఇద్దరినీ రెండు గళ్ళలో పెట్టడానికి వీలు చిక్కింది: ఒకడు కవి, ఒకడు వీధి మనిషి. నీ అభిప్రాయం పుట్టిల్లు అదే. పాటలు వింటే ఆ గళ్ళు నిలవవు. వీధి మనిషిగా లెక్కగట్టిన ఈ బిగ్ బాయ్ చిన్నప్పటి నుంచి కేట్ బుష్ పాటలకు వీరాభిమాని. ఇంగ్లండుకు చెందిన ఆ గాయని పాటల్లో ఉండేది దెయ్యాలూ, కలలూ, పియానో. గళ్ళు గీసినవాళ్ళు దీన్ని ఎక్కడ పెడతారో చెప్పమను.

1998 నాటి ‘అక్వెమిని’ దగ్గర కాసేపు ఆగాలి. ఇద్దరి రాశులూ, బిగ్ బాయ్ కుంభం, ఆండ్రే మిథునం, కలిపి పెట్టిన పేరది. సోర్స్ పత్రిక అరుదుగా ఇచ్చే అయిదు మైకుల రేటింగు ఇచ్చింది. నా మటుకు నాకు వాళ్ళ పనిలో దీన్ని మించింది లేదు. ఇందులో ‘స్పాటియాటీడోపలిషస్’ అని ఏడు నిమిషాల పాట ఉంది. బాకాల వరస ఒకటి తిరిగి తిరిగి వస్తుంటుంది, పెళ్ళి ఊరేగింపు ఎక్కడో మలుపు తిరిగి దూరమవుతున్నట్టు. మొదట ఆండ్రే ఒక రాత్రి క్లబ్బులో జరిగినదంతా చెబుతాడు. తర్వాత బిగ్ బాయ్ వస్తాడు. పాడడు, ర్యాప్ కూడా చేయడు, ఊరికే మాట్లాడతాడు. ఒక అమ్మాయి కంటబడింది, మనసు పడ్డాడు, బిడ్డ పుట్టబోతోంది. ఇక సంసారం నడవాలి. పార్సిల్ కంపెనీకీ, పోస్టాఫీసుకీ ఉద్యోగం కోసం అర్జీ పెట్టుకున్నాడు. మూత్ర పరీక్షలో గంజాయి బయటపడింది, పిలుపు రాలేదు. ఇంకేం చేస్తాడు, మళ్ళీ పాత వీధి మూలకే, పాత వ్యాపారానికే. ప్రేమ, పెళ్ళీడు, నిరుద్యోగం, మళ్ళీ అదే వీధి మూల: అంతా ఆ ఒక్క చరణంలో. కళ్ళనీళ్ళు లేవు, ఉపన్యాసం లేదు, కాస్త వెటకారం కూడా ఉంది. దీన్ని రాసినవాడు ఉన్నా లేనట్టా? ఇంకోసారి అను చూద్దాం.

ఆండ్రేకు అన్యాయం చేయను. అదే ఆల్బమ్‌లో ‘డా ఆర్ట్ ఆఫ్ స్టోరీటెల్లిన్’ మొదటి భాగంలో, పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే “బతికుంటాను” అని జవాబిచ్చే పిల్ల కథ అతనిదే. విన్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు. నా గొడవ అతని మీద కాదు, నీ తక్కెడ మీద.

అదే ఆల్బమ్ నుంచి ఒక కోర్టు గొడవ కూడా పుట్టింది. పాట పేరు ‘రోజా పార్క్స్’. 1955లో మాంట్‌గొమరీ బస్సులో సీటు వదలనన్న ఆవిడే. పాట మాత్రం ఆవిడ గురించి కాదు, పోటీదార్లను బస్సు వెనక్కి పొమ్మనే గొప్పల పాట. ఆవిడ తరఫున 1999లో దావా పడింది, 2005లో రాజీ కుదిరింది. కళాకారుడి స్వేచ్ఛ అంటూ చాలామంది వీళ్ళను వెనకేసుకొచ్చారు. నాకైతే ఆ పెద్దావిడ నొచ్చుకోవడంలో తప్పు కనిపించదు. అయితే ఆ పాట మధ్యలో మౌత్ ఆర్గన్ వాయించింది ఆండ్రే సవతి తండ్రి, స్వయానా పాస్టరు. చర్చి ముంగిట్లో జనమంతా చప్పట్లు కొడుతున్నట్టుండే ఆ ముక్క కోసం పాటను ఎన్నిసార్లయినా వింటాను.

ఇక ‘మిస్ జాక్సన్’. 2000లో వచ్చిన ‘స్టాంకోనియా’లోది. 2001 ఫిబ్రవరిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. విడిపోయిన అమ్మాయి తల్లికి, అంటే తన బిడ్డ అమ్మమ్మకు, చెప్పుకునే క్షమాపణ. ఆండ్రేకూ గాయని ఎరికా బాడూకూ కొడుకు పుట్టాక ఇద్దరూ విడిపోయారు, పాట మూలం అక్కడుంది. అందరికీ గుర్తుండేది ఆండ్రే చరణమే: బడికి వెళ్ళే మొదటి రోజున ఉంటాను, పట్టా పుచ్చుకునే రోజునా ఉంటానని మెత్తగా వేడుకోవడం. ఈసారి దానికి ముందున్న బిగ్ బాయ్ చరణం విను. అతను వేడుకోడు. ఒళ్ళు మండి ఉన్నాడు. బడి ఫీజులు, మందుల బిల్లులు కట్టింది నేను, అయినా బిడ్డను అడ్డం పెట్టుకుని కోర్టుకు లాగుతారా అని నిలదీస్తాడు. ఆ కోపం లేకపోతే ఆండ్రే క్షమాపణ ఉత్త తీపి అయిపోయేది. నిజమైన విడాకుల ఇంట్లో ఈ రెండు గొంతులూ ఉంటాయి, చాలాసార్లు ఒకే మనిషిలో. ఒకే పాటలో రెండింటినీ పక్కపక్కన నిలబెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఆ ఆల్బమ్‌లోనే ‘బి.ఓ.బి.’ అనే తుఫాను ఉంది. నిమిషానికి 155 బీట్ల వేగం, మీద గిటారు, చివర్లో చర్చి బృందగానం. అంత పరుగులో బిగ్ బాయ్ ఒక్క అక్షరం మింగడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కేవలం అతని పలుకు మీద ధ్యాస పెట్టు. పదాల్ని ఎక్కడ విరుస్తాడో, తాళం కంటే వెంట్రుకవాసి వెనక వేసి మళ్ళీ ఎలా అందుకుంటాడో చూడు. ఆ విద్యలో అతనికి సరితూగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

2003 సెప్టెంబరులో ఇద్దరూ రెండు డిస్కులు ఒకే పెట్టెలో పెట్టి అమ్మారు. ‘స్పీకర్‌బాక్స్’ బిగ్ బాయ్‌ది, ‘ది లవ్ బిలో’ ఆండ్రేది. కోటి కాపీల లెక్కకు ఇచ్చే డైమండ్ గుర్తింపు వచ్చింది. అమెరికా లెక్కల్లో రెండు డిస్కుల ఆల్బమ్ ఒకటి అమ్ముడైతే రెండుగా లెక్కిస్తారు, అది వేరే సంగతి. 2004లో ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ కూడా దక్కింది. హిప్ హాప్‌కు ఆ గౌరవం అంతకుముందు 1999లో లారిన్ హిల్‌కు మాత్రమే దొరికింది. అందరూ ఊగిపోయింది ‘హే యా!’ పాటకు. 9 వారాలు మొదటి స్థానం. తాళం లెక్క పెట్టి చూశావా ఎప్పుడైనా? నాలుగు దెబ్బల ఆవర్తాలు మూడు, తర్వాత రెండు దెబ్బలది ఒకటి, మళ్ళీ నాలుగువి రెండు. మొత్తం 22. అంత వంకర తాళాన్ని పెళ్ళిళ్ళలో తాతలు సైతం తడబడకుండా ఆడేట్టు చేశాడు మహానుభావుడు. పైగా అది ప్రేమ నిలవదేమోనని దిగులుపడే పాట. పోలరాయిడ్ ఫొటోను ఊపినట్టు ఊపమన్న మాట పుణ్యమా అని, ఫొటోలను ఊపొద్దని ఆ కంపెనీ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ గ్రామీ వేదిక మీదే ఆ పాటకు ఆకుపచ్చ ఈకలు, గుడారం పెట్టి అమెరికా ఆదివాసుల వేషం కట్టారు. ఆదివాసీ సంఘాలు మండిపడ్డాయి, టీవీ సంస్థ క్షమాపణ చెప్పింది. గేలి దెబ్బ తిన్నవాళ్ళే ఇంకొకళ్ళ విషయంలో అలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

‘హే యా!’ను మొదటి స్థానం నుంచి దించిన పాట ఏదో తెలుసా? ‘ది వే యూ మూవ్’. అదే పెట్టెలోది, బిగ్ బాయ్‌ది! ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకో మాట అంటే కొడతావేమో: మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన వినడానికి ‘స్పీకర్‌బాక్సే’ మెరుగు. ‘ది లవ్ బిలో’లో శిఖరాలున్నాయి, మధ్యలో సాగదీత కూడా బోలెడు. అసలు రెండూ పూర్తిగా వేరూ కావు. బిగ్ బాయ్ డిస్కులోని ‘గెట్టో మ్యూజిక్’ వెనక ఆండ్రే ఉన్నాడు, ఆండ్రే డిస్కులోని ‘రోజెస్’లో బిగ్ బాయ్ చరణం ఉంది. వేరుపడ్డ అన్నదమ్ముల ఇళ్ళ మధ్య గోడలో తలుపు మిగిలినట్టే.

2006లో ‘ఐడిల్‌వైల్డ్’ అని సినిమా, ఆల్బమ్ వచ్చాయి. వాటి గురించి మాట్లాడకపోవడమే మర్యాద. జంటగా వాళ్ళ ఆల్బమ్ మళ్ళీ రాలేదు. ఆ తర్వాత కథ నీ తీర్పుకు అసలు జవాబు. ఆండ్రే మెల్లగా తప్పుకున్నాడు. ఎవరి పాటలోనో ఒక చరణం చెప్పి మాయమయ్యేవాడు, దానికే జనం నెలల తరబడి చర్చించుకునేవారు. బిగ్ బాయ్ పనిలోనే ఉన్నాడు. అతని సొంత ఆల్బమ్ ‘సర్ లూషస్ లెఫ్ట్ ఫుట్’ను పాత కంపెనీ ఏళ్ళ తరబడి నానబెట్టింది. చివరికి వేరే కంపెనీ ద్వారా 2010లో విడుదలయ్యేసరికి, ఆండ్రే ఉన్న పాటలను అందులో వేయడానికి వీల్లేదని పాత కంపెనీ అడ్డుపడింది. స్నేహితుడి గొంతు లేకుండానే విడుదల చేశాడు. చాలా మంచి ఆల్బమ్. అది విన్నాకే నాతో వాదనకు రా.

2014లో కోచెల్లాతో మొదలుపెట్టి 40కి పైగా ఉత్సవాల్లో ఇద్దరూ కలిసి పాడారు. ఆండ్రే ప్రతి కచేరీకీ ఒక నల్లని జంప్‌సూటు, దాని మీద రోజుకో వాక్యం. మనసు అక్కడ లేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఇష్టం లేని పని అంతమందికోసం చేసినందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. 2019లో అట్లాంటాలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ జరిగితే విరామంలో ఊరి తరఫున కాడిలాక్‌లో వచ్చి పాడింది బిగ్ బాయ్. అదే ఏడు లేక్‌వుడ్ హైట్స్‌లోని ఆ డంజన్ ఇంటిని కొన్నదీ అతనే.

ఆ ఎర్రమట్టి నేల నుంచి ఎంతమంది వచ్చారో చూడు. గూడీ మాబ్ బృందం, అందులోంచి సీలో గ్రీన్. కిల్లర్ మైక్‌ను లోకానికి చూపించింది వీళ్ళే, జనెల్ మోనే తొలినాళ్ళలో వీళ్ళ నీడలోనే పాడింది. ఈ కాలపు ట్రాప్ అనే ర్యాప్ శైలికి పెద్ద దిక్కైన ఫ్యూచర్ స్వయంగా రికో వేడ్‌కు బంధువు, ఆ గుంపులోనే పెరిగాడు. హిప్ హాప్ రాజధాని అట్లాంటా అంటే ఇప్పుడెవరూ గేలి చేయరు. రికో 2024 ఏప్రిల్‌లో పోయాడు. 2025 నవంబరులో అవుట్‌కాస్ట్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. ఆండ్రే మాట్లాడాడు, పాడలేదు. కొత్త తరం వాళ్ళను వెంటేసుకుని పాటలన్నీ మోసింది మళ్ళీ బిగ్ బాయే.

నీకు నచ్చిన ఆ ఫ్లూటు ఆల్బమ్ నాకూ నచ్చిందిలే. మొదటి పాట పేరే, ర్యాప్ ఆల్బమ్ చేయాలనే అనుకున్నాను గానీ గాలి ఇటు వీచింది అన్న అర్థంలో ఉంటుంది. 12 నిమిషాల పాట. గాలి ఎటు వీస్తే అటు వెళ్ళగలగడం గొప్ప అదృష్టమే. ఇంటి దగ్గర దీపం పెట్టే స్నేహితుడు ఉన్నవాడికే అది దక్కుతుందని నా అనుమానం.

కనుక ఈ ఆదివారం పని ఇదీ: ‘స్పాటియాటీ’, ‘మిస్ జాక్సన్’, ‘బి.ఓ.బి.’, ఆ తర్వాత ‘సర్ లూషస్’ మొత్తం. ఈ వరసలోనే. ఫోను స్పీకరులో మాత్రం వినకు, ఆ బేస్ అందులో పలకదు. మీ అబ్బాయి దగ్గర మంచి హెడ్‌ఫోన్లు ఉన్నాయి కదా, కాసేపు లాక్కో. విన్నాక కూడా నీది అదే మాటైతే, కారణాలతో సహా రాయి. ఊరికే “నాకు అలా అనిపించింది” అంటే ఒప్పుకోను.

నీ
సురేష్

తా.క. బిగ్ బాయ్ ఇంట్లో గుడ్లగూబలను పెంచుతాడు. నిజం. మీ నాన్నగారి చెవిన మాత్రం వేయకు, నేను వినేవన్నీ ఇలాంటివాళ్ళ పాటలేనా అని నాకు ఫోను చేసి చీవాట్లు పెడతారు.